బత్తాయి మొక్కకు ఇద్దరు తల్లులు

తొలకరి పడగానే హాలియా, గుర్రంపోడు, కనగల్ వైపు బత్తాయి మొక్కల బేరాలు మొదలవుతాయి. కొనేవాళ్లు ముందుగా అడిగేది ‘అంటు మొక్కలేనా?’ అని. అవునంటే ధర తెంపుకుని ట్రాలీలో ఎక్కించుకుంటారు. ఆ ప్రశ్నతో ఏమీ తేలదన్నది నా వాదన. నల్లగొండ జిల్లాలో బత్తాయి దాదాపు అంతా అంటుకట్టిందే. ఏళ్ల తరబడి నిండుగా కాసిన తోటలూ అంటు మొక్కలవే, కాపు అందకముందే ఎండుకొమ్మలు పడి గొడ్డలి పాలైన తోటలూ అంటు మొక్కలవే. రెంటికీ తేడా అంటులో లేదు, అంటుకు ముందు జరిగిన పనిలో ఉంది.

బత్తాయి మొక్కకు తల్లులు ఇద్దరు. నేలలో ఉన్న వేరు రంగపూర్ నిమ్మది, కొన్నిచోట్ల జంబేరిది. పైనున్న కొమ్మ సాత్‌గుడి బత్తాయిది. కిందిది గింజ నుంచి వచ్చింది, పైది కన్ను నుంచి, అంటే కొమ్మ మీద ఆకు కాడ మొదట్లో ఉండే మొగ్గ నుంచి వచ్చింది. ఇద్దరి సంగతీ అడగాలి. అడగాలంటే గింజ ఏం చేస్తుందో, కన్ను ఏం చేస్తుందో తెలియాలి. గింజ అంటే లైంగిక ప్రత్యుత్పత్తి, కొమ్మ అంటే అలైంగిక ప్రత్యుత్పత్తి అని బడిలో చదువుకున్నది ఇక్కడ సగమే పనికొస్తుంది.

బాగా పండిన రంగపూర్ నిమ్మకాయను కోసి ఒక గింజ బయటికి తీయండి. జిగురు పోయేలా కడిగి, పైనున్న తెల్లటి గట్టి తొక్కను గోటితో ఒలిచి, దాని కిందున్న పల్చటి గోధుమరంగు పొరను కూడా తీసేస్తే లేత ఆకుపచ్చ పప్పు కనిపిస్తుంది. శనగలోనో పల్లిలోనో అయితే పప్పు రెండు బద్దలుగా విడిపోతుంది. ఇక్కడ అలా విడిపోదు. చిన్నా పెద్దా మూడు నాలుగు ముక్కలు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ ఇరుక్కుని ఉంటాయి. ఒక్కో ముక్కా ఒక్కో పిండం, ఒక్కో మొలక కాగలిగింది.

వాటిలో పుప్పొడికీ అండానికీ పుట్టిన బిడ్డ మహా అయితే ఒకటి. ఒక్కోసారి అదీ ఉండదు. మిగిలినవన్నీ అండాన్ని చుట్టి ఉండే తల్లి కణజాలం నుంచి నేరుగా లేచినవే. ఆ కణజాలాన్ని న్యూసెల్లస్ అంటారు. వాటిలో తండ్రి వాటా లేదు, తల్లి చెట్టుకు అచ్చు నకళ్లు. ఒకే తొక్కలో లైంగిక సంతానమూ అలైంగిక సంతానమూ పక్కపక్కనే ఉంటాయన్న మాట. నారింజ గింజలో ఒకటికి మించి పిండాలుంటాయని డచ్ సూక్ష్మదర్శిని నిపుణుడు లీవెన్‌హుక్ 1719లోనే గమనించాడు. అవి తల్లి కణజాలం నుంచి వస్తాయని 1878లో వృక్షశాస్త్రజ్ఞుడు స్ట్రాస్‌బర్గర్ తేల్చాడు.

ఈ గుణం లేకపోతే మన తోటలు ఇలా ఉండేవి కావు. రంగపూర్ నిమ్మ కమలా జాతికీ మాదీఫలానికీ పుట్టిన సంకరం. బత్తాయి కూడా పంపరపనస, కమలా జాతుల కలయిక నుంచి వచ్చిందే. సంకరం గింజ వేస్తే పిల్లలు మామూలుగా తలో దారి పడతాయి. వీటిలో ఆ చెదిరిపోవడం జరగదు. ఎప్పుడో ఒకసారి కుదిరిన కలయికను గింజలోనే నకలు తీసుకుంటూ వస్తున్నాయి. అదే కుటుంబంలోని పంపరపనస గింజలో మాత్రం ఒకే పిండం, అది లైంగిక పిండం. అందుకే పంపరపనస గింజ మొక్కలు ఏ రెండూ ఒకేలా ఉండవు.

నర్సరీలో జరగాల్సిన అసలు పని ఇక్కడి నుంచి మొదలవుతుంది. వేరుమూలానికి, అంటే అంటు కింద వేరుగా నిలిచే మొక్కకు, కాయను చెట్టు మీదే పండనిచ్చి కోయాలి. కింద రాలిన కాయలు ఏరితే వేరుకుళ్లు, బంకకారు తెగులు తెచ్చే ఫైటాఫ్తొరా గింజతో పాటే మడిలోకి దిగుతుంది. అనుమానముంటే గింజలను సుమారు 52 డిగ్రీల వేడి నీళ్లలో 10 నిమిషాలు ఉంచి తీస్తారు. నీళ్లు ఇంకా వేడెక్కితే గింజే చస్తుంది కాబట్టి చేత్తో చూసి చెప్పే పని కాదు, థర్మామీటరు ఉండాల్సిందే. బూడిదతో రుద్ది కడిగి నీడలో ఆరబెట్టాలి. నిమ్మజాతి గింజ కందిలా, ఆముదంలా నిల్వకు ఆగదు. బాగా ఎండిందంటే మొలవదు. తీసిన వారంలోపే ఎత్తు మడి మీద సెంటీమీటరు, సెంటీమీటరున్నర లోతున విత్తుకోవాలి. రెండు నుంచి నాలుగు వారాల్లో మొలక కనిపిస్తుంది.

నారు 10–15 సెంటీమీటర్లు పెరిగాక మడి నుంచి తీసి సంచుల్లోకి మారుస్తారు. ఏరివేత అప్పుడే జరగాలి. ఒక గింజ నుంచి రెండు మూడు మొలకలు గుత్తిగా లేస్తాయి. వాటిలో లైంగిక మొక్క ఏదన్నది చూపుతో కచ్చితంగా చెప్పలేం. ఎక్కువసార్లు అది పక్క పిండాల ఒత్తిడికి చిక్కి గిటకబారుతుంది, కొన్నిసార్లు సంకరబలంతో అందరికంటే ఎత్తు లేస్తుంది. కాబట్టి మరీ పొట్టివీ మరీ పొడుగువీ రెండూ పీకేసి, మధ్యలో ఒకే ఎత్తున, ఒకే ఆకారపు ఆకుతో ఉన్నవాటిని మాత్రమే ఉంచుకోవాలి. ఆకు వెడల్పు, కాడకున్న రెక్క, ముళ్ల తీరు, నలిపితే వచ్చే వాసన పక్క మొక్కతో పోల్చి చూస్తే తేడా మొక్క దొరికిపోతుంది. తల్లివేరు కొక్కెంలా వంగి ఉన్నవాటిని కూడా పారేయాలి. ఆ వంపు చెట్టుతో పాటు పెరుగుతుంది గానీ సరికాదు.

పొరపాటు జరిగేది సరిగ్గా ఇక్కడే. పొడుగు మొక్క త్వరగా పెన్సిల్ లావు అవుతుంది, త్వరగా కన్ను కట్టొచ్చు, ముందుగా అమ్మొచ్చు. ఏరిపారేయాల్సిన మొక్కకే నర్సరీలో గౌరవం దక్కుతుంది. దాని మీద మంచి బత్తాయి కన్నే కట్టినా కింద ఉన్నది రంగపూర్ నిమ్మ కాదు, దాని బిడ్డ. తల్లికున్న ట్రిస్టెజా వైరస్‌ను తట్టుకునే శక్తి, సున్నం నేలల్లో నిలదొక్కుకునే గుణం ఆ బిడ్డకు వచ్చాయో లేదో ఎవరూ చూడలేదు. ఆరు మీటర్ల ఎడంలో ఎకరాకు సుమారు 110 చెట్లు పడతాయి. వాటిలో అక్కడక్కడా పది పదిహేను చెట్లు ఒకే నీరు, ఒకే ఎరువుతో కూడా వెనకబడితే రైతు నేలను తిట్టుకుంటాడు, ఇంకో బస్తా ఎరువు వేస్తాడు. నేలలో తేడా ఉంటే చెట్లు ఒక పక్కగా, ఒక పట్టీగా వెనకబడతాయి. ఆరోగ్యంగా ఉన్న చెట్ల మధ్యలో చెదురుమదురుగా వెనకబడితే ముందు వేరుమూలాన్ని అనుమానించాలి.

కొల్లాపూర్ మామిడి రైతులకు ఈ వెసులుబాటు కూడా లేదు. బేనిషాన్ (బంగినపల్లి) టెంకలో పిండం ఒక్కటే, అది లైంగిక పిండమే. పడమటి తీరపు కొన్ని రకాల్లో బహుపిండాలు ఉంటాయి గానీ, మనవైపు నర్సరీల్లో వేరుకు వాడేది జ్యూస్ బండ్ల దగ్గరా పచ్చళ్ల దగ్గరా పోగైన కలగలుపు టెంకలు. పైన కొమ్మలన్నీ ఒకే చెట్టు నకళ్లు, కింద వేళ్లన్నీ వేర్వేరు. ఒకే రకం, ఒకే రోజు నాటిన మామిడి తోటలో చెట్టుకో ఎత్తు రావడానికి ఇదొక పెద్ద కారణం.

ఇక పై తల్లి సంగతి. కన్ను కట్టడంలో చేతిపని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మన నర్సరీల్లో చెయ్యి తిరిగినవాళ్లకు కొదవ లేదు. వేరు మొక్క పెన్సిల్ లావుకు వచ్చి, బెరడు కట్టెను వదిలి తేలిగ్గా లేచే కాలంలో, నేలకు 15–20 సెంటీమీటర్ల ఎత్తున నిలువుగా రెండున్నర సెంటీమీటర్ల గాటు, దాని తలపై అడ్డంగా చిన్న గాటు పెడతారు. కన్నును డాలు ఆకారంలో చెక్కి లోపలికి జార్చి పాలిథీన్ పట్టీతో చుడతారు. ఆకును తీసేసేటప్పుడు కాడను మాత్రం కన్ను కిందే ఉంచుతారు. రెండు మూడు వారాల తర్వాత ఆ కాడను వేలితో తాకితే సంగతి తెలుస్తుంది: పసుపుపచ్చగా మారి తాకగానే రాలిపోతే కన్ను బతికింది, ఎండి అతుక్కుని రాకపోతే చచ్చింది. బతికిన కన్ను కాడను తనే విడిచిపెడుతుంది, చచ్చినదానికి ఆ పని చేసే ప్రాణం ఉండదు.

చేతిపని ఎంత శుభ్రంగా ఉన్నా ఆ కన్ను ఏ చెట్టుదన్నదే అసలు ప్రశ్న. కన్ను బిడ్డ కాదు, ఆ చెట్టు ముక్కే. ఆ చెట్టు గుణాలతో పాటు దాని రోగాలూ వస్తాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చూస్తే ఇది అర్థమవుతుంది. ఎకరాల కొద్దీ ఊడలు దిగి మానులై నిలబడినా అదంతా ఒక్క మర్రే. చెదలు పట్టినా బాగుచేయాల్సింది ఆ ఒక్క చెట్టునే. 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి క్లోరోపైరిఫాస్ మందును చెట్టంతటా ఎక్కించాల్సి వచ్చింది.

గింజలో ఒక జల్లెడ ఉంది. నిమ్మజాతి వైరస్‌లు మామూలుగా గింజలోకి వెళ్లవు. కన్నులో ఆ జల్లెడ లేదు. ట్రిస్టెజా, శంఖలేగు తెచ్చే గ్రీనింగ్ బ్యాక్టీరియా రెండూ కన్నుతో పాటే కొత్త మొక్కకు చేరతాయి. తర్వాత పేనుబంక ట్రిస్టెజాను, సిల్లా పురుగు గ్రీనింగ్‌ను తోటంతా మోస్తాయి. 1930ల నుంచి బ్రెజిల్, అర్జెంటీనాల్లో పుల్ల నారింజ వేరు మీద కట్టిన చెట్లు లక్షల సంఖ్యలో కూలిపోయింది ట్రిస్టెజా వల్లే. ఆ తర్వాత బ్రెజిల్ దశాబ్దాల పాటు ఆధారపడింది మన రంగపూర్ నిమ్మ వేరు మీద. కానీ వేరుమూలానికి తట్టుకునే శక్తి ఉందంటే రోగం లేదని కాదు. వైరస్ చెట్టులో ఉంటుంది, చెట్టు పడిపోదు, కాపు మాత్రం ఏటేటా తగ్గుతుంది. అలాంటి చెట్టు చూపుకు బాగానే ఉంటుంది కాబట్టి దాని మీదే మళ్లీ కన్నులు కోస్తారు.

కాబట్టి తల్లి చెట్టు కనీసం 8 ఏళ్లది, వరుసగా నాలుగైదు కాపులు చూసినది, వైరస్ పరీక్ష చేయించినది అయి ఉండాలి. కన్నుకు ఎంచే పుల్ల గుండ్రంగా, చారలు పడుతూ ముదురుతున్నది కావాలి. మూడు పలకలుగా ఉన్న లేత పుల్ల పనికిరాదు. మానులోంచి నిటారుగా లేచే నీటికొమ్మల కన్నులు తేలిగ్గా బతుకుతాయి, తేలిగ్గా దొరుకుతాయి కూడా. వాటి మొక్కలకు ముళ్లెక్కువ, కాపు ఆలస్యం. రోగం పట్టిన మంచి రకాన్ని కూడా కాపాడే దారి ఉంది. కొమ్మ చివర పెరుగుదల బిందువులోకి వైరస్ సాధారణంగా చేరదు. రెండు మూడు ఆకు మొలకలతో ఉన్న మిల్లీమీటరులో పదోవంతు ముక్కను సూక్ష్మదర్శిని కింద కోసి, గాజు గొట్టంలో పెంచిన చిన్న మొలక మీద అంటిస్తారు. ఇది 1970ల్లో నిలదొక్కుకున్న పద్ధతి. నాగపూర్‌లోని కేంద్ర నిమ్మజాతి పరిశోధన సంస్థ ఇలాంటి మొక్కల మీద పనిచేస్తోంది. కొండమల్లేపల్లిలో మనకు ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. జిల్లాకు కావాల్సిన తల్లి చెట్లన్నీ పురుగు చొరని వలగుడారంలో పెంచి, నర్సరీలకు అక్కడి కన్నులు తప్ప వేరేవి వాడే వీలు లేకుండా చేయాలి. నా దృష్టిలో బిందు సేద్యం సబ్సిడీ కంటే ముందు జరగాల్సిన ఖర్చు ఇది.

గింజ ద్వారా వైరస్ రాదు, పైగా తల్లి నకలే వస్తుంది కదా, మరి బత్తాయి గింజే నాటుకోవచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. ఇది సరైన ప్రశ్నే. నకిరేకల్ నిమ్మతోటలు చేస్తున్నది అదే. కాగితపు నిమ్మ గింజలో తల్లి నకళ్లే ఎక్కువ కాబట్టి అక్కడ గింజ నారుతోనే తోటలు లేస్తాయి, అందులో తప్పేమీ లేదు. వాళ్లను అంటుకు మారమని ఊరికే సలహా ఇవ్వకూడదు. బత్తాయికి మాత్రం రెండు అడ్డంకులు. గింజ నుంచి వచ్చిన బత్తాయి మళ్లీ బాల్యం నుంచి మొదలుపెడుతుంది, నిటారుగా, ముళ్లతో పెరిగి, కాపుకు 8 ఏళ్లో ఇంకా ఎక్కువో పడుతుంది. అంటు మొక్క నాలుగు అయిదేళ్లకే కాపందుకుంటుంది. రెండోది, బత్తాయి సొంత వేరు ఫైటాఫ్తొరాకు తేలిగ్గా లొంగుతుంది. మన తోటల్లో పాదుల నిండా నీళ్లు పెట్టే అలవాటుకు అది తట్టుకోలేదు. అంటు గొప్పదని కాదు, బత్తాయి అవసరం అలాంటిది.

గద్వాల నడిగడ్డకు వెళితే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ పత్తి విత్తన చేలలో నకలుకు విలువ లేదు, కలయికకే విలువ. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ తెచ్చిన హెచ్-4తో మొదలైన సంకర పత్తి ఈ రోజు కూడా మనుషుల వేళ్ల మీదే నడుస్తోంది. ఆడ సాళ్లు ఎక్కువ, మగ సాళ్లు తక్కువ. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ రోజు మధ్యాహ్నం రెండు గంటల నుంచి చీకటి పడేలోపు గుర్తించాలి. బొటనవేలి గోటితో మొగ్గ అడుగున గీరి, రేకులతో పాటు పుప్పొడి ఉండే కేసరాల గొట్టాన్ని ఒక్క మెలికలో లాగేయాలి. లోపల కీలాగ్రం, దాని కింద అండాశయం మాత్రం మిగలాలి. గోరు లోతుగా దిగితే పిందె రెండు మూడు రోజుల్లో రాలుతుంది. ఒక్క పుప్పొడి తిత్తి మిగిలినా ఆ కాయ సొంత సంతానం అయిపోతుంది. గిల్లిన మొగ్గ కనబడడానికి రంగు కాగితం తొడుగుతారు. తెల్లారి మంచు ఆరాక, ఎనిమిది నుంచి పదకొండున్నర లోపు మగ పువ్వును తెచ్చి కీలాగ్రం నిండా రుద్దాలి. ఒక మగ పువ్వు అయిదారు ఆడ పూలకు సరిపోతుంది, ఆశపడి పదిహేనుకు రుద్దితే కాయలో గింజలు తగ్గుతాయి. వాన పడిన రోజు పని వృథా. పత్తి పుప్పొడి రేణువు నీళ్లు తగిలితే పగిలిపోతుంది.

ఇంత చేసినా కట్టని పువ్వు ఒకటి ఆకుల చాటున కాయైతే ఆ గింజ మంచి గింజల్లో కలుస్తుంది. ధ్రువీకరణకు సంకర పత్తిలో 90 శాతం జన్యు శుద్ధి కావాలి. విత్తనాన్ని మొలిపించి, మొక్కల్ని పెంచి చూసే గ్రో అవుట్ పరీక్షలో తప్పిన లాటుకు రైతుకు దక్కేది దూది ధరే. పని ఒళ్లు విరిచేది, లెక్క మాత్రం నెలల తర్వాత ఇంకెక్కడో తేలుతుంది. ఆ పరీక్ష రైతు కళ్లముందు, జిల్లాలోనే జరగాలన్న డిమాండ్ న్యాయమైనది. ఒకప్పుడు ఈ పనికి చిన్నపిల్లల వేళ్లు వాడిన సంగతి నడిగడ్డ మరిచిపోకూడదు.

ఆ విత్తనం కొని పండించిన రైతు తన పత్తి గింజనే మళ్లీ వేసుకుంటే ఏమవుతుందన్నది అందరూ అడిగేదే. చేలో ఉన్న ప్రతి మొక్కా ఒకేలా ఉన్నంత మాత్రాన వాటి పిల్లలు ఒకేలా ఉండవు. రెండు తరాల కిందటి ఆడ సాలు, మగ సాలు గుణాలు మళ్లీ విడిపడి కలగాపులగంగా వస్తాయి. పురుగును చంపే విషాన్ని మొక్కలోనే తయారుచేసే బీటీ జన్యువు ఒక్క వైపు నుంచే వచ్చిన సంకరమైతే, ఆ గింజల్లో నాలుగింట ఒకదానిలో ఆ జన్యువు ఉండదు. ఈ విడిపోవడం మరుసటి ఏడు దాకా ఆగదు. ఈ ఏటి కాయలోని గింజలే తర్వాతి తరం. గులాబీరంగు పురుగు తినేది గింజనే. ఒకే కాయలో విషమున్న గింజ, లేని గింజ పక్కపక్కన దొరకడం ఆ పురుగు తట్టుకునే శక్తి పెంచుకోవడానికి తోడ్పడిందని నిపుణులు చెప్పే కారణాల్లో ఒకటి. పాలమూరు పల్లికి ఈ బాధ లేదు. పల్లి పువ్వు విచ్చుకునేలోపే సొంత పుప్పొడి కీలాగ్రానికి అందిపోతుంది. అది లైంగిక ప్రత్యుత్పత్తే అయినా స్థిరపడిన రకంలో గింజ తల్లినే పోలుతుంది. ఇంటి విత్తనం నిక్షేపంగా వేసుకోవచ్చు, కాకపోతే కల్తీ లేకుండా, తాలు లేకుండా చూసుకోవాలి.

మనుషులు పూటకు వందల మొగ్గలు గిల్లి కలయిక జరిపిస్తున్న ఆ చేలోనే, ఆకు అడుగున పేనుబంక మగతోడు లేకుండా పిల్లల్ని పెడుతూ ఉంటుంది. మన వెచ్చటి వాతావరణంలో అది గుడ్ల జోలికి పోదు. తల్లి కడుపులో పిల్ల, ఆ పిల్ల కడుపులో అప్పుడే మొదలైన మరో పిల్ల ఉంటాయి. వారం రోజుల్లో పిల్ల తల్లవుతుంది. మందుకు లొంగని ఒక్క పేను మిగిలితే రెండు వారాల్లో ఆ ఆకు మీద ఉన్నవన్నీ దాని నకళ్లే. అదే మందును మళ్లీ కొడితే పనిచేయనిది అందుకే. మిరపను పీడించే తామరపురుగు దారి వేరు. ఫలదీకరణ లేని గుడ్డు నుంచి మగ పురుగు, ఫలదీకరణ అయిన గుడ్డు నుంచి ఆడ పురుగు వస్తాయి. ఒంటరిగా వచ్చిన ఆడ పురుగు కూడా సంతతిని మొదలుపెట్టగలదు.

సీతాఫలం గురించి మన పాలమూరువాళ్లు ఇంకాస్త గర్వపడాలి. బాలానగర్ రకం ఇక్కడి గుట్టల్లో గింజ నుంచి మొలిచిన చెట్లలోంచి ఎంచుకున్నది. వేసవిలో సీతాఫలం పువ్వును ఒకదాన్ని తిప్పి చూడండి. మూడు మందపాటి రేకులు కిందికి వేలాడుతూ ఉంటాయి. రేకులు కొద్దిగా విడినప్పుడు లోపలి గుబ్బ తడిగా మెరుస్తుంది, అది ఆడ దశ. ఆ తడి ఆరిపోయాకే చుట్టూ ఉన్న కేసరాలు పుప్పొడి వదులుతాయి, అది మగ దశ. పువ్వు తనకు తాను పనికిరాదు. చిన్న పెంకుపురుగులు మగ దశ పువ్వు నుంచి ఆడ దశ పువ్వుకు చేరితేనే కాయ. ఏప్రిల్, మే వడగాలిలో తడి గంటల్లోనే ఆరిపోతుంది కాబట్టి ఆ పూత చాలావరకు రాలుతుంది. జూన్ జల్లులు పడి గాలిలో తేమ పెరిగాక నిలిచేదే పంట. కాయ మీది ఒక్కో కన్ను ఒక్కో అండకోశం, ఒక్కో దానికీ విడిగా పుప్పొడి అందాలి. ఒక పక్క అందకపోతే అక్కడ గింజ కట్టదు, గుజ్జు నిండదు, కాయ ఆ పక్కకు సొట్ట పోతుంది. వంకర కాయను చూసి పురుగు కుట్టిందనుకుంటారు గానీ, నిజానికి రావాల్సిన పురుగు రాకపోవడమే కారణం. తోటలో కావాలంటే సాయంత్రం మగ దశకు వస్తున్న పూలు కోసి కాగితం మీద పరిచి, తెల్లారి రాలిన పుప్పొడిని మెత్తటి బ్రష్షుతో తడి మెరుస్తున్న పూలకు అద్దొచ్చు. సంతకు గుండ్రటి కాయ కావాలనుకునే తోట రైతుకు ఇదీ, అంటు మొక్కా పనికొస్తాయి. గుట్టల మీద మాత్రం అంటు మొక్కలు నాటే పథకాలు పెట్టకూడదు. గింజ మొక్కల తేడాలోంచే ఒక బాలానగర్ వచ్చింది, ఇంకొకటి రావాలన్నా అక్కడి నుంచే రావాలి.

జీవాల విషయంలో ఎంచుకునే వీలే లేదు. గొర్రెకు అంటు కట్టలేం. ప్రతి పిల్లా కొత్త కలయికే, అందులో మందంతటికీ తండ్రి ఒక్కడే. 2017లో మొదలైన గొర్రెల పంపిణీలో ఒక్కో కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. 20 గొర్రెలకు ఒక పొట్టేలు లెక్క సరైనదే. ఆ పొట్టేలు ఎన్నాళ్లు ఉండాలన్నదే అసలు విషయం. గొర్రె చూడికాలం అయిదు నెలలకు కాస్త తక్కువ, ఆడపిల్ల ఏడాది తిరిగేసరికి ఎదకొస్తుంది. అంటే రెండో ఏడు గడిచేలోపే ఆ పొట్టేలు తన కూతుళ్లనే దాటుతుంది. తండ్రి కూతుళ్ల కలయికతో పుట్టిన పిల్లలో నాలుగో వంతు జన్యు జతల్లో రెండు ప్రతులూ ఒకే మూలానివి అవుతాయి. చాటున ఉన్న లోపాలు అప్పుడు బయటపడతాయి. పిల్లలు తక్కువ బరువుతో పుడతాయి, కింది దవడ, పై దవడ కలవవు, ఈత దెబ్బతింటుంది. దాణా తగ్గిందనో గాలి సోకిందనో అనుకుంటూ మరో ఏడు గడిపేస్తారు.

గొల్లకురుమల పెద్దలకు పొట్టేలు మార్చే సంప్రదాయం కొత్త కాదు. ఇప్పుడు మారింది మందల మూలం. ఒకే లారీలో దిగిన జీవాలను ఊళ్లో ఇరవై ఇళ్లు పంచుకున్నాక, పక్కింటి పొట్టేలుతో మార్చుకుంటే అది మారినట్టు కాదు. అన్నదమ్ములు కావచ్చు. రెండేళ్లకోసారి వేరే మండలం నుంచి, వేరే మూలం నుంచి పొట్టేలు తేవాలి. మూడు వారాలు మందకు దూరంగా కట్టి చూడాలి. వృషణాలు రెండూ సమానంగా, మెత్తగా, గడ్డలు లేకుండా ఉన్నాయో చేత్తో తడిమి చూసుకోవాలి. సొంత మందలో పుట్టిన మగపిల్లలను ఆరు నెలలు నిండకముందే అమ్మేయడమో, విత్తు కొట్టించడమో చేయాలి, లేకపోతే తల్లులనూ చెల్లెళ్లనూ వదలవు. ఇంకో సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు. పొట్టేలులో వీర్యకణం తయారవడానికి సుమారు ఏడు వారాలు పడుతుంది. మే ఎండలో నీడ లేకుండా తిరిగిన పొట్టేలు, జ్వరం వచ్చి కోలుకున్న పొట్టేలు చూపుకు చురుగ్గా ఉన్నా జూన్‌లో దాటిన గొర్రెలు నిలవకపోవచ్చు. ఎదకు వచ్చిన గొర్రెలు మళ్లీ మళ్లీ తిరుగుతుంటే ఆ పొట్టేలును అమ్మేముందు ఏడు వారాలు నీడపట్టున ఉంచి, నీళ్లు, దాణా సరిగా పెట్టి, తర్వాత నాలుగు గొర్రెల మీద పరీక్షించి చూడండి. ఎద సుమారు 17 రోజులకోసారి తిరుగుతుంది. ఆ నాలుగూ మళ్లీ ఎదకు రాకపోతే పొట్టేలు పనికొచ్చినట్టే.